ఫేర్‌వెల్ లంగావోణీ: నెల ముందు నుంచి ఏ పని ఎప్పుడు చేసుకోవాలి

సంక్రాంతి సెలవులు అయిపోగానే మా ఇంటి ముందు స్కూల్ సైకిళ్ళు ఆగడం మొదలవుతుంది. అన్నీ పదో తరగతి పిల్లలవే. పుస్తకాల సంచీలోంచి ఒక కవరు బయటికొస్తుంది, కవర్లోంచి అమ్మ పెళ్ళినాటి చీర. "ఆంటీ, ఫేర్‌వెల్‌కి లంగా కుట్టాలి." ఎప్పటికమ్మా అంటే "శనివారానికి" అంటారు. ఆ మాట అడిగేది గురువారం సాయంత్రం.

ఇంట్లోనే మిషన్ పెట్టుకుని పద్దెనిమిదేళ్ళుగా కుడుతున్నాను. ఫేర్‌వెల్ రోజు కళ్ళనీళ్ళు పెట్టుకున్న పిల్లల్ని చాలామందిని చూశాను. డబ్బు చాలక ఏడ్చినవాళ్ళు తక్కువ. ఆఖరి మూడు రోజుల్లో ఏదో కొత్త ప్రయోగం చేసి ఏడ్చినవాళ్ళే ఎక్కువ. కొత్త ఫేషియల్, కొత్త మెహందీ కోను, కొత్త హీల్స్, ఒక్కసారి కూడా వేసి చూడని జాకెట్టు. అందుకే ఫేర్‌వెల్ తేదీ నుంచి వెనక్కి లెక్కపెడుతూ ఏ పని ఎప్పుడో చెబుతాను. మార్చిలో పబ్లిక్ పరీక్షలు. మామూలు రోజులు స్టడీ అవర్లకే సరిపోతాయి కాబట్టి నెల అంటే నీ చేతిలో ఉన్నవి నాలుగు ఆదివారాలు అనుకో.

మొదటి ఆదివారం: స్కూల్లో అడుగు, బీరువా తియ్యి

క్లాస్ టీచర్‌ని ముందే రెండు సంగతులు అడుగు. రంగు ఏమైనా అనుకున్నారా? స్లీవ్‌లెస్, హీల్స్, విరబోసిన జుట్టు మీద ఏమైనా ఆంక్షలున్నాయా? గుడ్డ కత్తిరించాక తెలిసి చేతులు అతికించిన జాకెట్లు నా దగ్గర మూడున్నాయి. ఎంత బాగా అతికించినా అతుకు అతుకే.

తర్వాత బీరువా. చాలామందికి ఓణీల ఫంక్షన్‌కి కుట్టించిన లంగా ఉండనే ఉంటుంది. రెండు మూడేళ్ళ కిందటిది, పొట్టయిపోయిందని పక్కన పడేస్తారు. ఒకసారి అంచు తిప్పి లోపల చూడు. పాతకాలం దర్జీలు పావడా కింద రెండు మూడు మడత కుట్లు వేసేవాళ్ళు, పిల్ల ఎదిగే కొద్దీ ఒక్కోటి విప్పుకునేలా. నీ లంగాకీ అలాంటి మడత ఉంటే రెండు మూడు అంగుళాలు పొడవు అక్కడే దొరుకుతుంది. విప్పిన చోట పాత కుట్టు గీత కనిపిస్తే దాని మీద సన్న లేసు వేయిస్తే సరి.

అమ్మ చీర తీసుకుంటే ముందు గుడ్డ బలం చూడాలి. ఏళ్ళ తరబడి ఒకే మడత మీద ఉన్న పట్టుచీర ఆ మడతల దగ్గరే చీలుతుంది. కిటికీ వెలుతురుకి అడ్డంగా పట్టుకుని చూడు, సన్నటి గీతల్లా వెలుతురు దూరుతోందా? మడత దగ్గర రెండు చేతులతో మెల్లగా లాగు. 'పర్ర్' మని చిన్న చప్పుడొచ్చినా ఆ చీర వదిలెయ్యి. నీ కుచ్చిళ్ళకీ డాన్సులకీ అది తట్టుకోదు.

ఇక అసలు ప్రశ్న: అమ్మ చీర కత్తిరించనిస్తుందా? "ఏం కాదులే" అని నువ్వే తేల్చెయ్యకు. ఆమెని కూర్చోబెట్టి అడుగు. వద్దంటే కత్తిరించకుండానే లంగా కుట్టొచ్చు.

కత్తిరించకుండా కుట్టే పద్ధతి

చీర పొడవు దాదాపు అయిదున్నర మీటర్లు, వెడల్పు 45 అంగుళాల చిల్లర. నీ నడుము నుంచి మడమ దాకా 38 నుంచి 40 అంగుళాలు ఉంటుంది. అంటే పైన ఓ అయిదారు అంగుళాలు మిగులు. ఆ మిగులుని నడుము దగ్గర లోపలికి మడిచి, దాని మీద కుచ్చిళ్ళు పెట్టి, వెడల్పాటి పటకాకి, అంటే నడుము పట్టీకి, పొడుగు కుట్టుతో అతికిస్తారు. పైట చెంగు కత్తిరించరు. చుట్టు తిరిగి లోపలి పొరగా ఉండిపోతుంది. ఫేర్‌వెల్ అయ్యాక కుట్టు విప్పితే చీర చీరగానే అమ్మ బీరువాలోకి వెళ్ళిపోతుంది. సూది పడిన చోట సన్న చుక్కలు ఉండొచ్చు, కట్టుకున్నప్పుడు అవి బొడ్లో దోపుకునే భాగంలోకే వెళ్తాయి. ఇలా కుట్టమని అడిగితే కొందరు టైలర్లు మొహం చిట్లిస్తారు, పని ఎక్కువ కాబట్టి. మజూరీ ముందే మాట్లాడుకుంటే సరిపోతుంది.

కత్తిరించవచ్చంటే పని సులువు. పైవైపు అంచు తీసి జాకెట్టు చేతులకి వాడుకోవచ్చు, పైట చెంగులోంచి జాకెట్టు వీపు భాగం వస్తుంది. చీర ఒంటి గుడ్డ 4 మీటర్లు వాడితే దాదాపు 157 అంగుళాలు. నీ నడుము 28 అంగుళాలనుకో. పైకి అంగుళం కనిపించే ఒక్కో కుచ్చు మొత్తం మీద అయిదున్నర అంగుళాల గుడ్డ మింగుతుంది. లంగా గుండ్రంగా, నిండుగా లేస్తుందంటే కారణం ఇదే. లోపల క్యాన్‌క్యాన్ నెట్, అదే లంగాని ఉబ్బెత్తుగా నిలబెట్టే గట్టి వల గుడ్డ, అక్కర్లేదు. రీల్స్‌లో చూసి క్యాన్‌క్యాన్ వేయించుకున్న పిల్ల మా వీధిలో ఆటోలో పట్టక నిలబడి వెళ్ళింది, అదీ స్కూలు రెండు కిలోమీటర్లు.

చీరే లేకపోతే? మంగళగిరి కాటన్ మీటర్ల లెక్కన దొరుకుతుంది, జరీ అంచుతో తేలిగ్గా ఉంటుంది. నారాయణపేట కాటన్ చీర కూడా లంగాకి చక్కగా కుదురుతుంది, దాని గుడి అంచు, అంటే గోపురాల వరసలా ఉండే అంచు, లంగా కింది చుట్టు దగ్గర నిండుగా కనిపిస్తుంది. పెడన కలంకారీ అచ్చు గుడ్డ ఒక మీటరు తీసుకుని జాకెట్టు కుట్టించి, దాని మీద ఒకే రంగు ఓణీ వేసుకుంటే ఎవరి పట్టుకీ తీసిపోదు. ఫిబ్రవరి మధ్యాహ్నం షామియానా కింద మూడు గంటలు కూర్చోవాలన్న సంగతి మర్చిపోకు. కాటన్ కట్టుకున్న పిల్లే ఆఖరిదాకా నవ్వుతూ ఉంటుంది.

ఓణీ రెండున్నర మీటర్లు. జార్జెట్, షిఫాన్ అయితే ఒంటిని అంటి జారుతూ కూర్చుంటాయి. ఆర్గాంజా నిలబడుతుంది, ఫొటోలో బాగుంటుంది, కానీ మడతలు సర్దడం తెలియనివాళ్ళకి నరకం. మొదటిసారి కట్టుకునేవాళ్ళకి జార్జెట్ చాలు.

రెండో ఆదివారం: టైలర్ దగ్గర

లైనింగ్ కాటన్ గుడ్డని రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, ఆరబెట్టి, ఇస్త్రీ చేసి ఇవ్వు. అలా చెయ్యకపోతే మొదటి ఉతుకుకే కుంచించుకుపోయి జాకెట్టు ముడతలు పడుతుంది. ఈ పని టైలరే చేస్తాడనుకోవద్దు. సీజన్‌లో ఎవరూ చెయ్యరు, నేనూ చెయ్యను.

కొలతకి వెళ్ళేటప్పుడు ఆ రోజు వేసుకోబోయే చెప్పులు పట్టుకెళ్ళు. లంగా పొడవు చెప్పులతోనే కొలవాలి, నేలకి అర అంగుళం పైన ఆగాలి.

జాకెట్టుకి టైలర్‌తో మూడు మాటలు చెప్పు. రెండు పక్కలా లోపల కనీసం అంగుళం చొప్పున మార్జిన్, అంటే తర్వాత వదులు చేసుకోవడానికి అదనపు గుడ్డ, వదలమను. హుక్స్ ముందు వైపు పెట్టమను, వెనక పెడితే బాత్రూంకి వెళ్ళి సర్దుకోవాల్సి వచ్చినా ఇంకొకరు కావాలి. వీపు మెడ లోతు పెడితే పైన బొందు తప్పనిసరి, లేకపోతే భుజాలు జారతాయి.

ట్రయల్ తేదీ కనీసం పది రోజుల ముందు ఉండాలి. ట్రయల్ అంటే అద్దం ముందు నిలబడటం కాదు. రెండు చేతులూ పైకెత్తి గోడ గడియారం తీస్తున్నట్టు చాచు. నేల మీద మఠం వేసుకుని కూర్చో. ముందుకి వంగి చెప్పు బకిల్ పెట్టుకో. ఈ మూడింట్లో ఎక్కడ పట్టేసినా అక్కడే చెప్పు, "పర్వాలేదులే ఆంటీ" అనకు. చంక దగ్గర పట్టేసిన జాకెట్టు ఎప్పుడూ గ్రూప్ ఫొటో టైమ్‌కే చిరుగుతుంది, ఎందుకో మరి.

ముఖం సంగతి

ఇది మొదటి రోజు నుంచే మొదలుపెట్టాలి, ఎందుకంటే చర్మానికి తొందర ఉండదు. పదిహేనేళ్ళ వయసులో హార్మోన్ల వల్ల చర్మంలో నూనె ఎక్కువ ఊరుతుంది, రంధ్రాలు మూసుకుంటాయి, మొటిమలొస్తాయి. నువ్వు ముఖం సరిగ్గా కడుక్కోకపోవడం వల్ల కాదు. సరైన మందు వాడినా తేడా తెలియడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. కాబట్టి నెల రోజుల్లో మొటిమలు మాయమయ్యే పని జరగదు. ఉన్నవి ఎక్కువ కాకుండా చూసుకోవడం మాత్రం నీ చేతిలో పని.

పొద్దున, రాత్రి ఘాటులేని ఫేస్‌వాష్. మొటిమలుంటే శాలిసిలిక్ యాసిడ్ ఉన్నది వాడొచ్చు. తర్వాత తేలికపాటి మాయిశ్చరైజర్. జిడ్డు చర్మానికీ అది కావాలి. పొద్దున బయటికెళ్ళేముందు ఎస్‌పీఎఫ్ 30 సన్‌స్క్రీన్, చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు పిండితే ముఖానికీ మెడకీ సరిపోతుంది. అంతే. ఈ మూడింటికి మించి వాడేవాళ్ళు ఎక్కువగా కంపెనీలకి ఉపకారం చేస్తున్నారు. కళ్ళు సరిపడా మూసి నిద్రపోతే నాలుగోది కూడా చేసినట్టే.

నిమ్మకాయ రుద్ది ఎండలోకి వెళ్తే చర్మం కాలినట్టు నల్ల మచ్చలు పడతాయి. మొటిమ మీద టూత్‌పేస్ట్ మంట తప్ప ఏం ఇవ్వదు. సున్నిపిండి ఒంటికి మంచిదే, తలంటు రోజు హాయిగా పెట్టుకో, మొటిమలున్న బుగ్గల మీద మాత్రం గరగరా రుద్దకు.

అన్నిటికంటే నాకు భయం మెడికల్ షాపులో దొరికే చిన్న ట్యూబులంటే. ఫ్రెండ్ చెప్పిందనో, అక్క వాడిందనో పేరు చెప్పి కొనుక్కుంటారు. వాటిల్లో చాలావాటిలో బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటుంది. వారంలో ముఖం తెల్లగా, నున్నగా మెరుస్తుంది. నెలలు వాడితే చర్మం పలచబడి, ఎండకి ఎర్రగా మండి, మొటిమలు కట్టలు తెంచుకుంటాయి. ఆపితే ఇంకా పెరుగుతాయి కాబట్టి ఆపలేరు. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి 14 రకాల పూత మందుల్ని షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది, అంటే డాక్టర్ చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా అడిగితే ఇచ్చే షాపులున్నాయి. ట్యూబు మీద 'సోన్' అనో 'సాల్' అనో ముగిసే పేరు కనబడితే కింద పెట్టెయ్. ఇప్పటికే వాడుతుంటే ఒక్కసారిగా మానెయ్యకుండా చర్మ డాక్టర్ దగ్గరికి వెళ్ళు. పెద్ద ప్రభుత్వాసుపత్రుల్లో చర్మ విభాగం ఓపీ ఉంటుంది.

తెలుపు మాట వచ్చింది కాబట్టి ఒక ముక్క. 1975 నుంచి మనందరి ఇళ్ళల్లో ఉన్న ఫెయిర్ అండ్ లవ్లీ కూడా 2020లో పేరులోంచి 'ఫెయిర్' తీసేసి గ్లో అండ్ లవ్లీ అయింది. మనింటి చుట్టాలే ఇంకా మారలేదు. "కాస్త నల్లబడ్డావేంటే" అని ఎవరైనా అంటే, పరీక్షలు కదా అత్తయ్యా అని పక్కకి వెళ్ళిపో.

రెండు వారాల ముందు: ఐబ్రోస్, పార్లర్

మా చెల్లెలి కూతురు చేసిన పని చెప్తాను. ఫేర్‌వెల్‌కి రెండు రోజుల ముందు ఫ్రెండ్స్‌తో పార్లర్‌కెళ్ళి, జీవితంలో మొదటిసారి బ్లీచ్ చేయించుకుంది. రాత్రి ఏడింటికి బుగ్గలు మంట, పొద్దున్నకి పై పెదవి మీద, గడ్డం మీద ఎర్రటి దద్దులు. చల్లటి గుడ్డ అద్దుతూ కూర్చున్నాం. ఫేర్‌వెల్‌కి వెళ్ళింది కానీ ఒక్క ఫొటో దిగలేదు, ఎవరైనా ఫోన్ ఎత్తితే చెయ్యి అడ్డం పెట్టుకుంది. బ్లీచ్‌లో ఉండేది హైడ్రోజన్ పెరాక్సైడ్, అమ్మోనియా. అవి అందరికీ పడవు, ఎవరికి పడవో ముందు తెలియదు.

కాబట్టి బ్లీచ్, వాక్స్, ఫేషియల్ ఎప్పుడూ చేయించుకోనివాళ్ళు ఇప్పుడు మొదలుపెట్టొద్దు. ఐబ్రోస్ మొదటిసారి అయితే రెండు వారాల ముందు చేయించుకో, ఆకారం పాడైనా కాస్త పెరిగే టైముంటుంది. "సన్నగా వద్దు, కింద వెంట్రుకలు మాత్రం తీయండి" అని కూర్చోగానే చెప్పు. అలవాటున్నవాళ్ళు నాలుగైదు రోజుల ముందు చేయించుకోవచ్చు. అసలు చేయించుకోకపోయినా ఏమీ కాదు, పదిహేనేళ్ళ ముఖానికి ఒత్తు కనుబొమలు అందంగానే ఉంటాయి.

జుట్టుకి స్మూతెనింగ్, కెరటిన్ అని ఆఫర్లు పెడతారు. కొన్నిటిలో వేడికి ఫార్మాల్డిహైడ్ ఆవిరి వస్తుంది, కళ్ళు మండేది అందుకే. ఒక్క రోజు పండక్కి ఆ పని వద్దు.

వారం ముందు: గోరింటాకు, నగలు, చెప్పులు

చెట్టు గోరింటాకు నూరి పెట్టుకుంటే మొదట నారింజ రంగులో ఉంటుంది, ఒకటి రెండు రోజుల్లో ఎర్రగా ముదురుతుంది. పావుగంటలో నల్లగా పండే కోను గోరింటాకు కాదు. అందులో తలకి వేసే రంగులో వాడే పీపీడీ అనే రసాయనం ఉండొచ్చు. చెయ్యి మీద ఆ ముగ్గు ఆకారంలోనే బొబ్బలు లేచిన పిల్లల్ని చూశాను. కోనే కావాలంటే వారం ముందు మోచేతి మడతలో చిన్న చుక్క పెట్టి రెండు రోజులు చూడు. ఫేర్‌వెల్‌కి రెండు రోజుల ముందు రాత్రి పెట్టుకుంటే ఆ రోజుకి రంగు మంచి పాకంలో ఉంటుంది.

స్కూలుకి నిజం బంగారం వద్దు. పోతే ఆ ఏడుపు ఏళ్ళ తరబడి వినిపిస్తుంది. మచిలీపట్నం దగ్గర చిలకలపూడి రోల్డ్‌గోల్డ్‌కి పేరు, ఆ నగలు ఇక్కడ అన్ని ఫ్యాన్సీ షాపుల్లోనూ దొరుకుతాయి. ఓణీ అంచు భారీగా ఉంటే మెడకి ఒకటే పొట్టి హారం, లేదా మెడ వదిలేసి పెద్ద బుట్టలు. వడ్డాణం, వంకీ, పాపిట బిళ్ళ, చెంపస్వరాలు అన్నీ ఒకేసారి పెడితే పెళ్ళికూతురివి అవుతావు, ఫేర్‌వెల్ పిల్లవి కావు. కమ్మలు పెడితే చెవి దురద పెట్టేవాళ్ళకి సాధారణంగా నికెల్ పడదు. కాడకి రంగులేని నెయిల్ పాలిష్ ఒక పూత పూసి ఆరనిస్తే ఆ పూటకి గడుస్తుంది.

హీల్స్ అంటావా? రెండంగుళాలకి మించకుండా, మడమ వెడల్పుగా ఉన్నవి తీసుకో. వారం రోజులు ఇంట్లో రోజూ అరగంట వేసుకుని తిరుగు. అన్నం గిన్నెలు వంటింట్లోంచి హాల్లోకి నువ్వే మోసుకెళ్ళు, ప్రాక్టీసూ అవుతుంది, అమ్మకి సంతోషం కూడా.

అబ్బాయిలకి

నీ పని తేలిక అనుకుంటారు, కానీ నీకూ ఆఖరి రోజు జబ్బే. కటింగ్ వారం ముందు చేయించుకో, నిన్న గీసిన తల ఫొటోలో తెలిసిపోతుంది. నూనూగు మీసం మొదటిసారి గీయాలనుంటే గోరువెచ్చని నీళ్ళతో తడిపి, క్రీము రాసి, వెంట్రుక పెరిగే వైపుకే కొత్త బ్లేడుతో లాగు. నాన్న రేజర్ వద్దు. పంచె కట్టుకునేవాళ్ళు వెల్‌క్రో ఉన్న రెడీమేడ్ పంచె తెచ్చుకున్నా బెల్టు పెట్టుకోవాలి, లోపల షార్ట్ వేసుకోవాలి. ముఖం గురించి పైన రాసింది నీకూ అంతే. బాడీ స్ప్రే స్నానానికి బదులు కాదు.

ముందు రోజు

తలస్నానం ఈ రోజే. అదే రోజు పొద్దున చేస్తే జుట్టు జారిపోతుంది, పిన్నులు నిలవవు. కుంకుడుకాయ రసం అయినా షాంపూ అయినా సరే, రాత్రి నూనె మాత్రం రాయకు. జడ పలచగా ఉంటే సవరం కలిపి అల్లుకోవచ్చు. ముందు రోజే ఒకసారి అల్లి చూడు, బరువుకి జారుతోందేమో తెలుస్తుంది.

ఫిబ్రవరిలో మల్లెలు అప్పుడే మొదలవుతాయి, ధర మండుతుంది. కనకాంబరాలు, చామంతులు దండిగా ఉంటాయి. ఒక జడకి రెండు మూరలు చాలు. సాయంత్రం కొంటే తడి గుడ్డలో చుట్టి చల్లని చోట పెట్టు, ఫ్రీజర్‌లో పెడితే పొద్దునకి ఉడికిన ఆకుకూరలా అవుతాయి.

ఆ రోజు

ముందు టిఫిన్ తిను. ఉపవాసంతో సన్నబడిన వాళ్ళెవరూ లేరు, షామియానాలో కళ్ళు తిరిగినవాళ్ళున్నారు.

స్ప్రే కొట్టుకుంటే బట్టలు కట్టుకోకముందే. సెంటు జరీ మీద పడితే నల్లబడుతుంది. తర్వాత మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్, పది నిమిషాలు ఆగి ఫౌండేషన్ పలచగా, అది కూడా కావాలంటేనే. రంగు చూసుకోవాల్సింది చేతి మీద కాదు, దవడ అంచున, పగటి వెలుతుర్లో. మెడకంటే ముఖం తెల్లగా కనిపిస్తే తుడిచెయ్యి. తెల్ల పౌడర్ తక్కువగా అద్దు, ఫ్లాష్ పడితే పిండి బొమ్మలా వస్తుంది. కాటుక, లిప్‌స్టిక్, బొట్టు, అయిపోయింది. కాటుక పుల్ల, లిప్‌స్టిక్ ప్రాణ స్నేహితురాలితో కూడా పంచుకోవద్దు. కళ్ళకలక తరగతి గదంతా అలాగే తిరుగుతుంది, పరీక్షల ముందు అది అసలొద్దు. కొన్నవాటి మీద తయారీ లైసెన్స్ నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ, కంపెనీ చిరునామా ఉన్నాయో లేదో చూడు. పెద్ద బ్రాండు పేరుండి ఇవేవీ లేకపోతే అది నకిలీ.

ఓణీ కట్టేటప్పుడు ఒక కొస కుడి నడుము దగ్గర దోపి, ముందు నుంచి తీసుకెళ్ళి, మడతలు పెట్టి ఎడమ భుజం మీద వెయ్యి. పిన్ను పెట్టేముందు దానిలోకి చిన్న పూస ఒకటి ఎక్కించి వెనక చుట్ట దాకా తొయ్యి. ఓణీ దారాలు ఆ చుట్టలో ఇరుక్కుని చిరగకుండా పూస అడ్డం ఉంటుంది. భుజం మీద పిన్ను జాకెట్టు లోపలి వైపు నుంచి గుచ్చితే బయటికి కనపడదు. భుజానికి రెండు, నడుముకి రెండు, వెనక ఒకటి.

సంచీలో పది పిన్నులు, సూది దారం, ఒక బొందు, కర్చీఫ్, ప్యాడ్లు, నీళ్ళ సీసా, మామూలు చెప్పులు. బొందు ఎందుకంటావా? కుట్టేదాన్ని కదా, తెగుతుందని నాకు తెలుసు.

ఇంటికొచ్చాక

ఎంత అలసిపోయినా బట్టలు కుప్ప పెట్టి పడుకోకు. పిన్నులన్నీ లెక్కపెట్టి తియ్యి, ఒక్కటి ఉండిపోయినా తుప్పు మరక పోదు. పట్టు లంగాని నీళ్ళలో పెట్టకుండా నీడలో గాలికి ఒక రోజు ఆరెయ్యి. పాత మడతల మీద కాకుండా వేరే చోట మడిచి నూలు గుడ్డలో చుట్టి పెట్టు. అమ్మ చీర కత్తిరించకుండా కుట్టించుకున్నావా, ఆ పొడుగు కుట్టు నువ్వే విప్పు. కత్తెర కాదు, కుట్లు విప్పే రిప్పర్‌తో. పరీక్షలయ్యాక తీరిగ్గా చేద్దువుగాని.

జాకెట్టు మాత్రం ఎవరికీ ఇచ్చెయ్యకు. లోపల వదిలించిన ఆ అంగుళం మార్జిన్ ఉందిగా, ఇంటర్ ఫ్రెషర్స్ డేకి పట్టుకురా, పది నిమిషాల్లో విప్పి ఇస్తాను. గురువారం వచ్చి శనివారానికి అడిగినా సరే, అదొక్కదానికి ఒప్పుకుంటాను.